కన్నం లేని పెట్టె

పెద్దాయన ముప్పై ఎనిమిదేళ్లు రేడియో వాద్యబృందంలో డబుల్ బేస్ వాయించాడు. డబుల్ బేస్ అంటే వయొలిన్‌కు పెదనాన్న వరస. మనిషికన్నా ఎత్తుంటుంది, నిలబడి కౌగిలించుకుని వాయించాలి. అంత పెద్ద వాద్యం అంతకాలం వాయించినా, ఆయన వాయించింది విన్నామని చెప్పే మనిషి ఒక్కరూ లేరు. అప్పటి రేడియోల స్పీకర్లు అరచెయ్యంత ఉండేవి. గాయని గొంతు వినపడేది, వయొలిన్లు వినపడేవి, డ్రమ్ముల మీద కర్ర పడటం వినపడేది. బేస్ మాత్రం పునాదిరాయిలా అడుగునే ఉండిపోయేది. పోనీ వాద్యాన్ని ఇంటికి తెచ్చి వినిపిద్దామంటే అది రేడియో వాళ్లది. వాళ్లు ఇచ్చినా ఇంటి మెట్ల మలుపు దగ్గర తిరగదు.

ఈ దిగులు ఆయన దాచుకున్నవాడు కాదు. కూర్చుంటే బేస్, లేస్తే బేస్. రేడియోలో వాళ్ల పాట వచ్చినప్పుడల్లా "ఆ పాటని మోస్తున్నది నేనే" అనేవాడు. ఇంట్లోవాళ్లు తలూపేవారు. మోస్తున్నవాడు కనపడకపోతే నమ్మడం ఎవరికైనా కొంచెం కష్టమే.

కూతురు ఆసుపత్రుల నుంచి రక్తం సీసాలు లాబ్‌కు చేరవేసే పని చేస్తుంది. రోజంతా చిన్న కారులో తిరుగుడే. ఈ మధ్య రేడియో వాళ్లు పాత టేపులన్నీ దుమ్ము దులిపి, శుభ్రం చేసి, ఫోన్లో వినేలా పెట్టారు. అందులో నాన్న వాయించిన పాట కనపడగానే ఆవిడ ఎగిరి గంతేసింది. కారులో పెట్టి చూస్తే నాన్న మళ్లీ ఎక్కడా లేడు. డిక్కీలో సబ్‌వూఫర్, అంటే లోతు స్వరాలు పలికే పెద్ద స్పీకరు, చెక్కపెట్టెలో బిగించి పెట్టించుకుంటే అడుగున ఉన్నవన్నీ పైకొస్తాయని తోటి డ్రైవరు చెప్పాడు. అంతే, శనివారం పొద్దున్నే తండ్రిని కారెక్కించింది.

"రేపు మామయ్యని కూడా రమ్మన్నాను నాన్నా. ముగ్గురం కార్లో కూర్చుని నువ్వు వాయించింది వినాలి" అంది.

పెద్దాయన పొంగిపోయాడు. మీసం కూడా ఒకసారి సవరించుకున్నాడు. తర్వాత అడిగాడు, "ఏ పాటమ్మా?"

"అదే నాన్నా, మామయ్య దెబ్బ మింగేసిన పాట."

ఆయన మీసం మీంచి చెయ్యి దించేశాడు.

ఆ మామయ్య పెద్దాయన భార్యకు తమ్ముడు, అదే బృందంలో డ్రమ్ములు వాయించేవాడు. నలభై ఏళ్ల కిందట, పెద్దాయన పెళ్లయిన నెలకే, ఆ పాట రికార్డింగ్ జరిగింది. అప్పట్లో అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకేసారి వాయించాల్సిందే, ఎవరు తప్పినా పాట తప్పినట్టే. మూడో చరణానికి ముందు వయొలిన్లన్నీ ఆగుతాయి. డ్రమ్ము ఒక్కటే తాపీగా నాలుగు దెబ్బలు వేస్తుంది. నాలుగూ అయ్యాక పెద్ద దెబ్బ, దాంతోపాటు బేస్, దాన్ని పట్టుకుని గాయని ఎత్తుకుంటుంది. ఆ రోజు డ్రమ్ము మూడే కొట్టింది. నాలుగోది ఎగిరిపోయింది. గాయనికి రైలు టైమైపోయింది, మళ్లీ వాయించే వీలు లేదు, టేపు అలాగే ఉండిపోయింది. సంగీత దర్శకుడు అందరి ముందూ "దెబ్బ మింగేశావు కదయ్యా" అని డ్రమ్ముల మనిషిని కడిగేశాడు. ఏడాదిపాటు రికార్డింగులకు పిలవలేదు. అతను వెళ్లి ఒక బడిలో పిల్లలకు డ్రమ్ములు నేర్పే పనిలో చేరి, అక్కడే స్థిరపడిపోయాడు. ఇంట్లో మాత్రం ఆనాటి నుంచి మింగుడు మామయ్య అయ్యాడు. అలా పిలవడం మొదలుపెట్టింది సొంత అక్కే. ఇప్పుడు మనవలు కూడా అలాగే పిలుస్తున్నారు.

అసలు సంగతి పెద్దాయనకు ఒక్కడికే తెలుసు. ఆ రోజు మూడో దెబ్బ పడగానే బేస్ ఎత్తుకున్నది ఆయనే. కొత్త పెళ్లికొడుకు, మనసు ఎక్కడుందో మనం అడగక్కర్లేదు. ఎక్కువ జాగ్రత్తలో తక్కువ లెక్కపెట్టాడు. ఖర్మకాలి అదే క్షణంలో బావమరిది కూడా తప్పాడు. వాడి తప్పు వినపడింది, దర్శకుడు వింటున్న చిన్న స్పీకర్లో కూడా తన తప్పు అడుగునే ఉండిపోయింది. దర్శకుడు అరుస్తున్నంతసేపూ ఈయన వాద్యం తీగలు చూస్తూ నిలబడ్డాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు నలభై ఏళ్లుగా రేపుగానే ఉంది. భార్య తర్వాత ఈ లోకంలో ఆయనకు ఇష్టమైన మనిషి ఆ బావమరిదే. అందుకే చెప్పలేకపోయాడు, అందుకే మరిచిపోలేకపోయాడు.

స్పీకరు పెట్టెల దుకాణం సందు చివర ఉంది. లోపల ఎక్కడ చూసినా చెక్క పలకలు, జిగురు డబ్బాలు, గుండ్రంగా కోసి పారేసిన ముక్కలు. నడిపేది నలభై దాటిన ఆవిడ. జుట్టు ముడిలో పెన్సిలు, కనుబొమ్మల మీద చెక్కపొట్టు. ఊళ్లో కార్లవాళ్లంతా పెట్టెలమ్మ అంటారు.

"ఇంతకుముందు బీరువాలు చేసేదాన్ని" అంది ఆవిడ. "బీరువాలో బట్టలు పెడతారు, ఇందులో గాలి పెడతారు. తేడా అంతే. మీకు మూసిన పెట్టె కావాలా, కన్నం పెట్టె కావాలా?"

తండ్రీకూతుళ్లు మొహాలు చూసుకున్నారు.

పెట్టెలమ్మ రెండు పెట్టెలు ముందుకు లాగింది. రెండింట్లోనూ ఒకే రకం వూఫర్. ఒక పెట్టె అన్ని వైపులా మూసేసి ఉంది. రెండోది దానికన్నా బాగా పెద్దది, ముందు వైపు గుండ్రటి కన్నం, కన్నం వెనక గొట్టం.

"మూసినదాంట్లో గాలి ఎటూ పోలేదు, స్ప్రింగులా ఉంటుంది. కోన్, అదే ఈ గరాటులాంటి భాగం, ఎంత ఊగినా వెనక్కి పట్టి లాగుతుంది, ఆగాల్సినచోట ఆపుతుంది. కన్నం పెట్టెలో వెనకాల గాలి కూడా గొట్టంలోంచి బయటికొచ్చి అరుస్తుంది. చప్పుడు ఎక్కువ. కారు అద్దాలు గడగడలాడాలనేవాళ్లు అదే అడుగుతారు. కాకపోతే ఒక చప్పుడు పూర్తిగా ఆగకముందే ఇంకోటి దాని నెత్తినెక్కుతుంది. మీరు వినేదేంటో చెప్పండి."

"మా నాన్న వాయించింది వినాలి. ఒక్కొక్కటీ విడివిడిగా" అంది కూతురు. అంతలో లాబ్ నుంచి ఫోను, ఏదో అర్జంటు సీసా. "నాన్నా, నువ్వే విని చెప్పు. నీకన్నా తెలిసినవాళ్లెవరు? డిక్కీలో రక్తం సీసాలు పెట్టుకునే నా చల్లపెట్టెలు రెండూ పట్టేలా చూడు, అంతే" అని పాటను పెట్టెలమ్మ ఫోనుకు పంపి, కారేసుకుని వెళ్లిపోయింది.

ముందు కన్నం పెట్టెలో పెట్టారు. గుమ్, గుమ్, గుమ్ అని గది అంతా నిండిపోయింది. బల్ల మీద మేకులు చిందులేశాయి. బేస్ ఉందని తెలుస్తోంది గానీ, ఏ వేలు ఎక్కడ పడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మూడో చరణం ముందు డ్రమ్ము మూడు దెబ్బలు వేసింది, తర్వాత అంతా ఒకే గుమ్ములో కలిసిపోయింది. పెద్దాయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత మూసిన పెట్టె.

మొదటి స్వరానికే ఆయన స్టూలు మీద నిటారుగా అయ్యాడు. అది ఆయనే. తీగ మీద వేలు ఆనడం, లాగడం, వదలడం, పక్క స్వరానికి జారడం, అంతా వేరువేరుగా, చేత్తో తాకితే దొరికేలా వినపడుతోంది. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు ఆ చిన్న పెట్టెలో నిలబడి వాయిస్తున్నాడు. బాగా వాయిస్తున్నాడు కూడా. పెద్దాయన కళ్లు తడిశాయి. ఇంతమంచిగా వాయించానా అని తనమీద తనకే ముచ్చటేసింది.

రెండో చరణం అయింది. ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బ వెనకాలే బేస్ జర్రున జారుతూ ఎక్కేసింది.

"ఇక్కడెవరో తొందరపడ్డారు" అంది పెట్టెలమ్మ, తలెత్తకుండా ఇసుక కాగితం రుద్దుకుంటూ.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను కాదు!" అన్నాడు పెద్దాయన.

ఆవిడ అప్పుడు తలెత్తింది. ఆయన మొహం చూసింది. మళ్లీ ఇసుక కాగితం అందుకుంది.

బీరువాలు చేసే మనిషికే ఒక్క వినికిడితో దొరికిపోతే, పక్కనే కూర్చుని వాయించినవాడికి దొరకదా? రేపు కార్లో, మూడు అడుగుల దూరంలో? పెద్దాయన సాకులు మొదలుపెట్టాడు.

"కన్నం పెట్టే చెయ్యమ్మా. అన్నివైపులా మూసేస్తే పాటకు ఊపిరెలా ఆడుతుంది?"

"పాట మనిషి కాదు కదండీ."

"ముసలి చెవులు. గట్టిగా ఉంటేనే వినపడుతుంది."

"ఇందాక ఆ మూల స్క్రూ వదులైందని పట్టుకున్నది మీరే. నాకు వినపడలేదు."

"కన్నం ఉంటే అందంగా కూడా ఉంటుంది."

"డిక్కీలో ఎవరు చూస్తారండీ? పైగా అది పెట్టామంటే మీ అమ్మాయి చల్లపెట్టెల్లో ఒకటే పడుతుంది." ఆవిడ చేతులు దులుపుకుంది. "పెట్టె మీ అమ్మాయిది. ఆవిడ సరేనంటే నాకేం అభ్యంతరం లేదు."

పెద్దాయన ఫోను తీశాడు. నలభై ఏళ్లు నోరు మూసుకోవడం ఒక ఎత్తు, నోరు తెరిచి అబద్ధం చెప్పడం ఒక ఎత్తు. తెరిచాడు.

"అమ్మా, రెండూ విన్నాను. కన్నం పెట్టే బాగుంది. ఇక్కడావిడ కూడా అదే అంటోంది."

పక్కనే ఉన్న పెట్టెలమ్మ కనుబొమ్మలు పైకి లేచి, చెక్కపొట్టు కాస్త రాలింది.

"మరి రెండో చల్లపెట్టె పట్టదేమో కదా?" అంది కూతురు అవతల నుంచి. అంతలోనే తనే, "పోనీలే నాన్నా, వెనక సీట్లో కట్టుకుంటాను. నీకు బాగుందంటే అదే చేయించు. ఇదంతా నీకోసమే కదా" అంది.

పెద్దాయనకు సిగ్గేసింది. అయినా ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. తేలు కుట్టిన దొంగకు అరిచే వీలు ఉండదు.

పెట్టెలమ్మ పెద్ద పలక బల్ల మీద పరిచింది. టేపుతో కొలిచి, ముడిలోంచి పెన్సిలు లాగి, గుండ్రంగా గీత గీసింది. రంపం మిషను చేతిలోకి తీసుకుని ఒక్కమాట చెప్పింది.

"ముందే చెప్తున్నాను పెద్దాయనా. దీని కొలత వేరే, దాని కొలత వేరే. కోశాక మీకు మనసు మారితే, చెక్క మారదు."

మిషను మొదలైంది. పెద్దాయన ఆ గీతకేసి చూశాడు. ఇప్పుడీ చెక్క ముక్క ఊడి కింద పడితే గండం గడిచినట్టే. బావమరిదికి ఏమీ తెలియదు. కూతురికీ తెలియదు. రేపు కార్లో అందరూ గుమ్ గుమ్ అని విని, బాగుంది బాగుంది అంటారు. ఆ లోపలి కుర్రాడు, ఇందాక అంత బాగా వాయించినవాడు, మళ్లీ అడుక్కి పోతాడు. ఈసారి అక్కడికి తోసింది చిన్న స్పీకర్లు కాదు, తనే. ఎవరూ వినలేదని జీవితమంతా ఏడ్చి, వినడానికి కూతురు కారు తెచ్చి నిలబెడితే, చెవిలో గుడ్డలు కుక్కుతున్నాడు.

"ఆపమ్మా!" అని అరిచాడు.

మిషను ఆగింది. గీత మీద వేలి గోరంత కోత పడింది.

"మూసిందే చెయ్యి" అన్నాడు పెద్దాయన. "తొందరపడింది నేనే."

"తెలుసండీ" అంది పెట్టెలమ్మ, పలక పక్కన పెట్టేస్తూ. "అంత ఇదైపోతుంటే తెలియదా?"

సాయంత్రానికి పెట్టె తయారైంది. అతుకులన్నిటికీ జిగురు పట్టించి, వూఫర్ బిగించాక, ఆవిడ కోన్‌ను రెండు అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కి వదిలింది. అది చటుక్కున ఎగరలేదు, బద్ధకంగా పైకి వచ్చింది. "ఎక్కడా గాలి పోవడం లేదు" అంది. డిక్కీలో దాని పక్కన చల్లపెట్టెలు రెండూ సరిపోయాయి.

ఆదివారం పొద్దున కారు ఇంటి ముందే ఆగి ఉంది. కూతురు స్టీరింగ్ దగ్గర, పెద్దాయన ఆవిడ పక్కన. వెనక సీట్లో మింగుడు మామయ్య, జేబులో ఎప్పుడూ ఉండే డ్రమ్ము కర్రలతో సహా. భార్య మాత్రం రానంది. "నలభై ఏళ్లుగా వింటున్న పాటే కదా, మీరు వినండి" అని బట్టలు ఆరేస్తోంది.

"ఒరేయ్" అన్నాడు పెద్దాయన వెనక్కి తిరిగి. "పాట పెట్టకముందు నీకొకటి చెప్పాలి."

"పాటయ్యాక చెప్పు బావా. నువ్వు మొదలుపెడితే మధ్యాహ్నం అవుతుంది."

"కాదురా..."

"ఉష్, వచ్చేసింది!"

పాట మొదలైంది. మొదటి స్వరానికే కూతురు రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టేసి ఉండిపోయింది. "నాన్నా!" అంది. "ఇది నువ్వేనా?" రెండో చరణానికి ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. పెద్దాయన మాత్రం చూపు కింద నుంచి ఎత్తలేదు. రెండో చరణం అయిపోయింది. ఒకటి. రెండు.

"ఆ రోజు ముందు తప్పింది నేనేరా" అన్నాడు. "మూడుకే ఎత్తేశాను. నిన్ను తిడుతుంటే నోరు విప్పలేదు."

మూడు. బేస్ జర్రున ఎక్కింది.

నిన్న దుకాణంలో భయంతో ఆయన తననొక్కడినే విన్నాడు. తన తప్పు వింటున్న మనిషికి పక్కవాడు వినపడడు. ఇప్పుడు చెప్పాల్సింది చెప్పేశాడు గనక చెవులు తేలికపడ్డాయి. బేస్ ఇంకా జారుతూనే ఉంది, నాలుగో దెబ్బ పడాల్సినచోట ఏమీ పడలేదు. బేస్ ఏ స్వరం మీద ఆగిందో, సరిగ్గా అదే స్వరం మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా, పెద్ద దెబ్బ పడింది. దాన్ని పట్టుకుని గాయని ఎత్తుకుంది. పాట ఎక్కడా తడబడకుండా ముందుకు సాగిపోయింది.

పెద్దాయన మెడ నొప్పని కూడా చూడకుండా గిరుక్కున వెనక్కి తిరిగాడు. తడబడ్డవాడి చెయ్యి అంత కచ్చితంగా పడదు. ఆ సంగతి డ్రమ్ము పక్కన ముప్పై ఎనిమిదేళ్లు నిలబడ్డవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నువ్వు మింగలేదు" అన్నాడు. "నేను ఎక్కేశానని విని, కావాలనే వదిలేశావు."

బావమరిది కిటికీలోంచి బట్టల తీగ వైపు చూస్తున్నాడు. మొహాన దొంగనవ్వు.

"మరేం చెయ్యమంటావు? నేను నాలుగూ కొడితే గాయని నా వెనకొస్తుంది, నువ్వొక్కడివే ముందు పరిగెడతావు. చరణం చరణమంతా గోల. రేడియో అంతా వినపడేది."

"మరి ఆయన తిడుతుంటే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నిన్ను తీసేసేవాడు. నాకైతే ఇంకోచోట డ్రమ్ములు దొరుకుతాయి. పెళ్లయి నెలే అయింది, మా అక్కకి ఇంకో మొగుణ్ణి ఎక్కడ తేను?"

కూతురు పకపకా నవ్వేసింది. పెద్దాయనకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. ఇన్నేళ్లూ తన తప్పుకు తోడు వాడి తప్పు కూడా ఒకటుందని, అదొక్కటే ఓదార్పుగా బతికాడు. ఇప్పుడా ఓదార్పు కూడా పోయింది. పోయినందుకు గుండె దూదిపింజలా అయింది, అది మరీ చిత్రం.

"నలభై ఏళ్లు ఆ పేరుతో పిలిపించుకున్నావు కదరా!"

"పిల్లలు ముద్దుగానే పిలుస్తారు బావా. నాకలవాటైపోయింది. ఇప్పుడు మార్చేస్తే ఎవరిని పిలుస్తున్నారో నాకే తెలీదు."

పెద్దాయన కారు దిగాడు. తిన్నగా బట్టల తీగ దగ్గరికి వెళ్లి, భార్య చేతిలోని తడి చొక్కా తీసి తీగ మీద పడేసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన సీట్లో కూర్చోబెట్టాడు. తను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కూతురు పాట మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

"ఏంటండీ ఈ హడావిడి?" అంది భార్య. అంతలో బేస్ మొదలైంది. ఒడిలో ఉన్న చేతులు అలాగే ఉన్నాయి. మొదటి చరణం, రెండో చరణం. అప్పుడు ఆయన వంగి, మూడో దెబ్బ పడగానే, "ఇదిగో" అన్నాడు. "ఇక్కడ తప్పింది నేను. మీ తమ్ముడు కాదు. వాడు నన్ను కాపాడాడు."

ఆవిడ పాటయ్యేదాకా కదలలేదు. అయ్యాక ముందు వెనక సీటు వైపు తిరిగి, తమ్ముడి నెత్తి మీద ఠంగుమని ఒక మొట్టికాయ వేసింది, ఇన్నాళ్లూ చెప్పనందుకు. ఆ చేత్తోనే వాడి తల నిమిరింది. అప్పుడు భర్త వైపు తిరిగింది. ఆయన తన వంతు మొట్టికాయ కోసం తలుపు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"మీ తప్పు సంగతి సాయంత్రం తేలుస్తాను" అంది ఆవిడ. "ముందు మళ్లీ మొదటి నుంచి పెట్టించండి. మీరు వాయించగా వినడం నాకు ఇదే మొదలు."